మున్నేటి నీళ్లు, భీమిలి కెరటాలు

సంక్రాంతి సెలవులు అయిపోయిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా విశాఖ బీచ్ రోడ్డు నిండా బడి బస్సులే. తెలంగాణ నుంచి వస్తాయి, రాయలసీమ నుంచి వస్తాయి, ఒడిశా నుంచీ వస్తాయి. పిల్లలు కైలాసగిరి ఎక్కుతారు. కురుసుర జలాంతర్గామిలో ఒక చివర దూరి ఇంకో చివర బయటికొస్తారు. సాయంత్రానికి ఆర్కే బీచ్‌లో మోకాళ్లదాకా తడిసి, మొక్కజొన్న కంకులు తిని, ఫొటోలు దిగి బస్సెక్కుతారు. సముద్రం గురించి ఒక్క ప్రశ్నా అడగకుండానే సముద్ర యాత్ర ముగిసిపోతుంది. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. అడగడానికి వ్యవధి ఉండదు, అడిగించే మనిషీ ఉండరు.

అందుకే ఖమ్మం జిల్లాలో ఒక ప్రభుత్వ బడిలో సైన్సు చెప్పే మిత్రుడు "ఈసారి మా పిల్లలు సముద్రాన్ని కొలిచి వస్తారు, మీరూ రండి" అనగానే సంచీ సర్దుకున్నాను. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లలు. వాళ్లలో చాలామంది అప్పటిదాకా సముద్రం చూడలేదు. మాస్టారి సామాను మాత్రం విహారయాత్ర సామానులా లేదు. థర్మామీటర్లు, కొలత టేపు, అయస్కాంతాలు, పెన్ను మూతలు, మిఠాయిల్లో వేసే రంగులు, నగల కొట్లో ఉండేలాంటి చిన్న డిజిటల్ కాటా, పీవీసీ పైపు ముక్కలు, ఒక సంచీ నిండా నారింజ పళ్లు. ఇవిగాక ప్రతి జట్టు దగ్గరా ఖమ్మం మీదుగా పారే మున్నేటి నుంచి పట్టుకొచ్చిన ఒక సీసాడు నీళ్లు. ఆ నీళ్లు ఎందుకో పిల్లలకు చెప్పలేదు.

ప్రయాణం తేదీని పంచాంగమూ, సర్వే ఆఫ్ ఇండియా ఏటా అచ్చువేసే ఆటుపోట్ల పట్టికా కలిసి నిర్ణయించాయి. పౌర్ణమికీ అమావాస్యకీ చంద్రుడు, సూర్యుడు, భూమి ఒకే వరసలోకి వస్తాయి గనక పోటు ఎక్కువ ఎక్కుతుంది, అంతే ఎక్కువగా దిగుతుంది. విశాఖ తీరంలో ఆ రోజుల్లో ఉదయం పోటు, మధ్యాహ్నం దాటాక పాటు. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడే రాళ్ల మధ్య గుంటల్లో ఉండే బతుకు కనిపిస్తుంది కాబట్టి పౌర్ణమి దరిదాపుల్లో రోజులు చూసుకుని, ఆ వేళ చుట్టూ మిగిలిన పనులన్నీ సర్దారు. భోజనం పదకొండున్నరకే. మర్నాటికి పాటు వేళ ఇంకో యాభై నిమిషాలు ఆలస్యమవుతుందని, ఆ యాభై నిమిషాలు ఎక్కణ్నుంచి వచ్చాయో కనుక్కోమని రైల్లోనే ఒక పని అప్పగించారు. భూమి ఒక చుట్టు తిరిగేలోపు చంద్రుడు కూడా తన దారిలో కొంత ముందుకు వెళ్లిపోతాడు, అతణ్ని అందుకోవడానికి భూమి ఇంకాస్త తిరగాలి అన్న జవాబు బెర్తుల మధ్య ఒక పిల్లాణ్ని భూమిగా, ఒక పిల్లను చంద్రుడిగా నిలబెట్టి తిప్పితేగానీ రాలేదు. పక్క సీటు పెద్దాయన కూడా వాళ్లతో కలిసి లెక్కవేశారు.

గోదావరి ఎక్స్‌ప్రెస్ రాజమండ్రి వంతెన దాటేది నడిరాత్రి. మాస్టారు పిల్లల్ని లేపారు. కొందరు నిద్రకళ్లతోనే రూపాయి బిళ్లలు వేసి దండం పెట్టుకున్నారు. "ఈ నీళ్లు ఎక్కడికి పోతాయి?" అని ఆయన అడిగితే "సముద్రంలోకి" అని అందరూ చెప్పారు. "సముద్రంలోకి పోయాక?" అన్నదానికి ఎవరూ మాట్లాడలేదు. ఆ ప్రశ్నను అలాగే వదిలేసి పడుకోమన్నారు.

తెల్లారి ఆర్కే బీచ్‌లో మొదటి పని నారింజ పండుతో. ఇసుకలో రెండు జెండాలు పాతారు, వాటి మధ్య దూరం 20 మీటర్లు. లైఫ్‌గార్డ్ ఒకాయన అలలు విరిగే చోటు దాటేలా పండును లోపలికి విసిరాడు. పిల్లలెవరూ నీళ్లలో అడుగు పెట్టకూడదని గట్టి షరతు. ఈ తీరంలో ఏటా ప్రాణాలు పోతున్నాయి. ఒడ్డుకొచ్చిన నీళ్లు తిరిగి వెళ్లడానికి ఇరుకు దారి దొరికితే జోరుగా లోపలికి లాగేస్తాయి. ఆ దారి ఎక్కడుందో ఆ లైఫ్‌గార్డే పిల్లలకు చూపించాడు. చుట్టుపక్కల అలలు తెల్లగా విరుగుతుంటే ఒకచోట మాత్రం నీరు నిమ్మళంగా, కాస్త మురికి రంగులో ఉంది. ప్రశాంతంగా ఉందని జనం దిగేది సరిగ్గా అక్కడే. అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఈదకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలని చెప్పి, చేతులతో ఆ దిక్కు చూపించమని ఒక్కొక్కరినీ అడిగాడు. అందరూ సరిగా చూపించేదాకా వదల్లేదు. నా లెక్కలో ఆ పొద్దుటి పాఠాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

నారింజ పండు ఎటు పోతుందో ముందుగా నోటు పుస్తకంలో రాసుకోమన్నారు. ఆ యాత్ర మొత్తంలో మాస్టారి నియమం ఒక్కటే: ముందు ఊహ రాయాలి, తర్వాతే కొలవాలి. చెరిపి దిద్దడానికి వీల్లేదు. ఎక్కువమంది "అలతోపాటు ఒడ్డుకు వస్తుంది" అని, కొందరు "లోపలికి పోతుంది" అని రాశారు. పండు ఆ రెండూ చెయ్యలేదు. అల వచ్చినప్పుడల్లా పైకి లేచి, కిందికి దిగి, ఒడ్డు వెంట మెల్లగా డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు, అంటే దక్షిణానికి నడిచింది. పిల్లలు ఒడ్డున దానితోపాటు నడుస్తూ సెకన్లు లెక్కపెట్టారు. అల తీరానికి వాలుగా వచ్చి విరిగినప్పుడు ఒడ్డు వెంట పుట్టే ప్రవాహం అది. ఈ తీరంలో చలికాలంలో దక్షిణంగానూ, నైరుతి రుతుపవనాల కాలంలో ఉత్తరంగానూ సాగుతుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరం వైపు పోయేదే ఎక్కువ. పండును మోసిన నీళ్లే ఇసుకనూ మోస్తాయి. ఓడరేవు కోసం సముద్రంలోకి కట్టిన గోడల దగ్గర ఆ ఇసుక ఆగిపోతుంది, గోడకు ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు చేరాల్సింది చేరదు. అందుకే డ్రెడ్జర్‌తో ఇసుక తోడి ఇక్కడ పోయాల్సి వస్తోంది. ఈ మాట నేను చాలాసార్లు పత్రికల్లో చదివాను. పండు వెనక నడిచిన పిల్లలకు మాత్రం రెండు వాక్యాల్లో అర్థమైపోయింది.

అప్పుడు మాస్టారు ఒక కథ చెప్పారు. 1992లో పసిఫిక్ మహాసముద్రంలో ఒక సరుకు ఓడ నుంచి కంటైనర్లు జారిపడి 28,800 స్నానపు బొమ్మలు (పసుపు బాతులు, ఎర్ర బీవర్లు, నీలం తాబేళ్లు, ఆకుపచ్చ కప్పలు) నీళ్లపాలయ్యాయి. కర్టిస్ ఎబ్స్‌మేయర్ అనే సముద్ర శాస్త్రవేత్త అవి ఏ తీరాన ఎప్పుడు తేలాయో ఏళ్ల తరబడి వివరాలు సేకరించి ప్రవాహాల దారులు గీశాడు. ఆ కథ విన్నాక ఒక పిల్లవాడు మిగిలిన నారింజ పళ్లన్నిటి మీదా బడి పేరు రాసి వదులుదామన్నాడు. చేపలు తినేస్తాయని పక్కవాడు అభ్యంతరం చెప్పాడు. ఆ చర్చ బస్సులో చాలాసేపు సాగింది.

బీచ్ రోడ్డు మీద వెళ్తూ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. సముద్ర విజ్ఞానం మనకెక్కడో దూరంగా ఉన్న చదువు కాదు. 1950లలో యూజిన్ లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి విద్యార్థులతో కలిసి ఇదే ఒడ్డున అలలనూ ఇసుకనూ కొలిచాడు, నౌకాదళం ఓడల్లో బంగాళాఖాతం లోపలికి వెళ్లాడు. ఈ తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో ఉన్న లోయలకు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అని పేర్లున్నాయి. మన ఊళ్ల పక్కనే నీళ్ల కింద లోయలున్నాయనీ, వాటికి మన పేర్లున్నాయనీ ఎన్ని బడుల్లో చెబుతున్నారు?

మధ్యాహ్నం తెన్నేటి పార్కు దిగువన రాళ్ల మీదికి దిగాం. బూట్లు ఉన్నవాళ్లే దిగాలి, సముద్రానికి వీపు పెట్టకూడదు, రాయి ఎత్తితే ఎత్తిన చోటే అలాగే పెట్టాలి, ఏ జీవినీ పీకకూడదు. పీవీసీ ముక్కలతో అరమీటరు చదరాలు బిగించి, వాటికి అడ్డంగా నిలువుగా దారాలు కట్టి పాతిక గళ్లు చేసుకున్నారు. చదరాన్ని రాతి మీద పెట్టి ఏ గడిలో ఏముందో రాయడం పని. పైన ఎండిన రాళ్ల మీద చిన్న చిన్న నత్తగుల్లలు, కాస్త కింద బార్నకిల్స్, ఆలిచిప్పలు, ఇంకా కింద ఎప్పుడూ తడిగా ఉండే చోట పచ్చటి నాచు, దగ్గర దగ్గరగా అల్లుకుపోయిన జోయాంథిడ్లు అనే చిన్న జీవులు, పగుళ్లలో ముళ్లున్న సముద్రపు అర్చిన్లు. మూడు చదరాలు పూర్తయ్యేసరికి "సార్, వీళ్లు కూడా మెట్ల ప్రకారం ఉంటున్నారు" అని ఒక అమ్మాయి అరిచింది. ఎవరు ఎంతసేపు నీళ్లు లేకుండా బతకగలరో అన్నది పై మెట్టును తేలుస్తుంది, ఎవరిని ఎవరు తింటారో, ఎవరు ఎవరి చోటును ఆక్రమిస్తారో అన్నది ఎక్కువగా కింది మెట్టును తేలుస్తుంది.

ఆ అమ్మాయే ఒక గుంట దగ్గర కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూర్చున్నాను. పొడి రాతి మీద బార్నకిల్స్ నోళ్లు బిగించుకుని సున్నపు బొడిపెల్లా ఉన్నాయి. గుంటలో నీళ్ల కింద ఉన్నవి మాత్రం నెత్తిన ఉన్న తలుపులు తెరిచి, లోపల్నుంచి సన్నటి వెంట్రుకల గుత్తి ఒకటి బయటికి చాచి, నీళ్లను ఒక్క ఊపు ఊపి లోపలికి లాక్కుంటున్నాయి. మళ్లీ చాచడం, మళ్లీ లాక్కోవడం. ఆ వెంట్రుకలు వాటి కాళ్లు. రొయ్యకూ పీతకూ చుట్టమైన ఈ జీవి పిల్లప్పుడు నీళ్లలో ఈదుతూ తిరిగి, ఒకచోట రాతికి తల అంటించుకుని, ఇల్లు కట్టుకుని, మిగిలిన జీవితమంతా కాళ్లతో తిండి అందుకుంటూ బతుకుతుంది. ఆ అమ్మాయి గడియారం పెట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు చాస్తోందో లెక్కపెట్టింది. చేత్తో గుంటలో నీళ్లు మెల్లగా కదిపి మళ్లీ లెక్కపెట్టింది. పక్క గుంటలో వేడెక్కిన నీళ్లలో ఉన్నదాన్నీ లెక్కపెట్టింది. అంకెలన్నీ వరసగా రాసుకుంది. ఎవరూ చెప్పని ప్రయోగం అది, తనే కల్పించుకుంది. చార్లెస్ డార్విన్ ఈ జీవుల మీద ఎనిమిదేళ్లు గడిపి, 1850లలో పెద్ద పుస్తకాలే రాశాడని మాస్టారు చెబితే, "ఎనిమిదేళ్లా? మరి సరిపోయాయా?" అని అడిగింది.

తిరిగి పైకెక్కేముందు జేబులు తనిఖీ చేశారు. రంగురంగుల గుల్లలు ఇరవైకి పైగా బయటపడ్డాయి. అందులో రెండు నడవడం మొదలుపెట్టాయి. ఖాళీ గుల్లలో కాపురం ఉండే పీతలవి. ఒళ్లు పెరిగినప్పుడల్లా ఇంకాస్త పెద్ద గుల్ల వెతుక్కోవాలి వాటికి. మనం దండలకూ, అలంకరణకూ ఏరుకుపోయే ప్రతి మంచి గుల్లా వాటికి ఒక ఇల్లు. గుల్లలన్నీ ఉన్నచోటికే చేరాయి.

ఆ రాత్రి బసలో వంటావిడను బతిమాలి పొయ్యి అడిగారు. పొద్దున సీసాలో పట్టిన సముద్రపు నీళ్లు సరిగ్గా వంద మిల్లీలీటర్లు కొలిచి, తూచిన గిన్నెలో పోసి, సన్నమంట మీద ఇగరబెట్టారు. అడుగున తెల్లగా ఉప్పు మిగిలింది. పుస్తకంలో లీటరుకు సగటున 35 గ్రాములని ఉంది కాబట్టి వందకు మూడున్నర గ్రాములు రావాలి. కాటా మూడు గ్రాములకు కాస్త ఎక్కువ చూపించింది. ఇంకో జట్టుకూ దాదాపు అంతే. "మన లెక్క తప్పింది" అని పిల్లలు డీలా పడ్డారు. కాటా మరీ సున్నితమైనది కాదు, ఉప్పులో తడి కొంత మిగిలి ఉండొచ్చు, ఒకటీ అరా గింజలు చిట్లి బయట పడి ఉండొచ్చు. మాస్టారు ఇవన్నీ ఒప్పుకున్నారు. ఒప్పుకుని, "పుస్తకంలో ఉన్నది ప్రపంచ సముద్రాల సగటు. మనం తూచింది బంగాళాఖాతాన్ని. దీంట్లో మంచినీళ్లు ఎవరు కలిపారు?" అన్నారు. ఒక్క క్షణం తర్వాత రైల్లో నిద్రలేచి చూసిన నది గుర్తొచ్చి "గోదావరి!" అని కేకలు. గోదావరితోపాటు గంగ, బ్రహ్మపుత్ర, మహానది, కృష్ణ కూడా. వానాకాలం చివర్లో బంగాళాఖాతం ఉత్తర భాగంలో పై నీళ్ల ఉప్పు లీటరుకు 30 గ్రాముల కంటే కూడా తగ్గిపోతుంది. ఎండ ఎక్కువై, పెద్ద నదులు తక్కువై ఉన్న అరేబియా సముద్రం 36 దగ్గర ఉంటుంది. పుస్తకంతో సరిపోలని అంకె వచ్చినప్పుడు దాన్ని దిద్దెయ్యకుండా కారణం వెతికించిన ఆ పావుగంట కోసమైనా ఈ యాత్ర చెయ్యవచ్చు.

మర్నాడు భీమిలి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల పాత సమాధులు, లైట్‌హౌస్. వీటిని బస్సు కిటికీలోంచే చూశాం. ఒడ్డుకు దగ్గర్లో ఉన్న ఒక బడి నుంచి మత్స్యకార కుటుంబాల పిల్లలు మాకోసం ఎదురుచూస్తున్నారు. రెండు బడుల పిల్లల్నీ కలిపి జట్లు చెయ్యడం మాస్టారు తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికంటే మంచిది. మొదట్లో ఒకరితో ఒకరు మాట్లాడలేదు. ప్లాస్టిక్ సంచీలో చుట్టిన అయస్కాంతాన్ని ఇసుకలో ఆడించినప్పుడు నల్లటి రేణువులు మీసాల్లా నిక్కబొడుచుకుని అంటుకున్నాయి, దాంతో బిడియం పోయింది. మాగ్నెటైట్ గట్టిగా అంటుకుంటుంది, ఇల్మనైట్ బలహీనంగా. భూతద్దంలో గులాబీ రంగులో మెరిసేవి గార్నెట్లు. ఇవన్నీ తూర్పు కనుమల కొండరాళ్లు అరిగి, వాగుల్లో నదుల్లో పడి, ఇక్కడిదాకా వచ్చినవి. స్థానిక పిల్లలు నల్ల ఇసుక ఎక్కువగా ఎక్కడ పేరుకుంటుందో తిన్నగా తీసుకెళ్లి చూపించారు.

అలివి వల లాగడం ముగించుకుని కూర్చున్న ఒక ముసలాయన దగ్గరికి పిల్లలు వెళ్లారు. బుట్టలో కవళ్లు, నెత్తళ్లు, నాలుగైదు చిన్న చందువలు. భీమిలి పిల్లలు ఒక్కోదాని పేరూ చెబుతుంటే ఖమ్మం పిల్లలు రాసుకున్నారు. ఒకమ్మాయి "తాతా, సముద్రంలో నీళ్లు ఎటు పోతాయి?" అని అడిగింది. ఆయన నవ్వి, "ఏ నీరు పాపా? పైనీరు అటేపెల్తాది, కిందినీరు ఇటేపెల్తాది. ఒక్కోసారి పడవ ఒకేపు, వల ఇంకోపు. వలేసినోడికి తెలస్తాది" అన్నాడు. లోతు ఎంతని అడిగితే బారల్లో చెప్పాడు, చేతులు రెండూ చాచి బార అంటే ఎంతో చూపించాడు. పిల్లలు టేపు తెచ్చి ఆయన బారను కొలుచుకున్నారు.

ఆయన మాటలు విన్నాక మాస్టారు మున్నేటి సీసాలు తీయమన్నారు, ముందుగా ఒక పాత కథ చెప్పారు. ఇస్తాంబుల్ దగ్గర బోస్ఫరస్ జలసంధిలో పై నీళ్లు ఒకవైపు, అడుగు నీళ్లు ఎదురు దిక్కుకు పోతాయని అక్కడి పడవవాళ్లకూ జాలర్లకూ తెలుసు. 1679లో అక్కడికి వెళ్లిన లుయిజి మార్సిలి అనే ఇటలీ కుర్రవాడు ఆ మాట విని ఊరుకోలేదు. తెల్లరంగు వేసిన బెండు ముక్కలు కట్టిన తాడును నీళ్లలోకి వదిలి అడుగున అది వెనక్కి వంగడం కళ్లారా చూశాడు. తర్వాత ఒక పెట్టె చేయించి, మధ్యలో అడ్డుపలక పెట్టి, ఒకవైపు ఉప్పు ఎక్కువున్న నీళ్లు, ఒకవైపు తక్కువున్న నీళ్లు పోసి, కారణం బరువు తేడా అని తేల్చాడు. 1681లో ఆ ఫలితాలు అచ్చువేశాడు. జాలరి చెప్పిన మాటకు పరీక్ష కట్టడంతోనే సముద్ర విజ్ఞానంలో ఒక పెద్ద అధ్యాయం మొదలైంది.

మా పెట్టె పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా. మధ్యలో ఫైలు అట్ట నుంచి కత్తిరించిన ప్లాస్టిక్ పలకను నీళ్లు కారకుండా క్లేతో అతికించారు. ఒకవైపు ఎర్రరంగు కలిపిన మున్నేటి నీళ్లు, రెండోవైపు నీలిరంగు కలిపిన భీమిలి సముద్రపు నీళ్లు. పలక తీస్తే ఏమవుతుందో రాయమన్నారు. "ఊదారంగు అవుతుంది" అన్నదే ఎక్కువమంది మాట. పలక పైకి లాగారు. నీలం నాలుకలా అడుగున జారుకుంటూ అటు గోడదాకా పోయింది, ఎరుపు దాని మీదుగా ఇటు వచ్చింది. మధ్యన సన్నటి ఊదారంగు గీత. ఆ గీత మీద ఒక పెద్ద అల, బయటి అలల కంటే ఎంతో నిదానంగా, అటూ ఇటూ ఊగింది. పైన నీటిమట్టం మాత్రం కదలనే లేదు. సముద్రం లోపల ఇలాంటి అలలు నిజంగా ఉంటాయి, ఒడ్డున నిలబడ్డవాళ్లకు కనిపించవు. ఒకడు పరీక్ష అట్టతో గట్టిగా విసిరాడు. ఎర్రనీళ్లు వణికాయి, నీలం చలించలేదు. మేము భోజనాలు చేసి వచ్చేసరికి కూడా రెండు పొరలూ అలాగే ఉన్నాయి.

బంగాళాఖాతం మీద నదులు పరిచే మూత ఇదే. గాలి ఎంత వీచినా పైనున్న తేలికనీళ్లు అడుగు నీళ్లతో సులువుగా కలవవు. అడుగునుంచి పోషకాలు పైకి రావడం తగ్గుతుంది, అందుకే అరేబియా సముద్రంతో పోలిస్తే ఇక్కడ నాచురేణువుల పంట తక్కువ. పై పొర వెచ్చగానే మిగిలిపోతుంది, తుపాన్లకు ఆ వేడే బలం. 2014 అక్టోబరు 12న విశాఖ మీద విరుచుకుపడ్డ హుద్‌హుద్ గురించి భీమిలి పిల్లలు ఇంట్లో పెద్దలు చెప్పగా విన్నవి చెప్పారు. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు ఖమ్మం కాలనీల్లోకి వచ్చిన రోజుల్ని ఖమ్మం పిల్లలు చెప్పారు. అప్పుడే విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి పోయింది. ఒకరి ఇంట్లోకి వచ్చిన వరద ఇంకొకరి సముద్రానికి మూతగా మారుతుందని రెండు బడుల పిల్లలూ ఆ డబ్బా ముందు కూర్చుని మాట్లాడుకున్నారు.

"అయితే ఇక్కడ ఉప్పు తగ్గింది మన మున్నేటి వల్లేనా సార్?" అని ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. మున్నేరు కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. వానలు వెనకబట్టిన తర్వాతి నెలల్లో మన తీరం వెంట సాగే పెద్ద ప్రవాహం దక్షిణానికి పోతుంది. అందుకని ఆ కాలంలో కృష్ణ నీళ్లు తమిళనాడు వైపు వెళ్తాయి, విశాఖకు వచ్చేవి గంగా మహానదుల నీళ్లు. ఫిబ్రవరి నుంచి ప్రవాహం ఉత్తరానికి మళ్లుతుంది. నారింజ పండును నడిపించిన ఒడ్డు పక్క ప్రవాహం వేరు, ఇది వేరు. పటం మీద వేలితో ఆ దారి గీసుకుని, "మన నీళ్లు వేసవికి ఇటు రావచ్చు" అని పిల్లలు తమలో తాము తీర్మానించుకున్నారు.

పిల్లల ఆ తీర్మానం నాకు ఒక పత్రాన్ని గుర్తుచేసింది. అమెరికాలో ఉపాధ్యాయులూ శాస్త్రవేత్తలూ 2000ల మధ్యలో బడి చదువులో సముద్రం కనిపించడం లేదని కలిసి కూర్చుని, ప్రతి విద్యార్థికీ తెలియాల్సిన ఏడు సూత్రాలు రాశారు. మొదటిది: భూమికి ఉన్నది ఒకే పెద్ద మహాసముద్రం. ఇప్పుడు చాలా దేశాలు వాటిని వాడుకుంటున్నాయి, ఐక్యరాజ్యసమితి 2021 నుంచి 2030 దాకా సముద్ర విజ్ఞాన దశాబ్దం ప్రకటించింది. పత్రాలు మంచివే. ఏడో తరగతి పిల్ల తలలోకి ఆ మొదటి సూత్రం వెళ్లాలంటే మాత్రం ఒక సీసాడు మున్నేటి నీళ్లు కావాలి.

తిరుగు ప్రయాణానికి ముందు పెన్ను మూతలు బయటికొచ్చాయి. మూత అడుగున కొంచెం క్లే అంటించి, లోపల గాలి బుడగ మిగిలేలా నీళ్ల సీసాలో వేసి, సీసాను నిండా నింపి బిరడా బిగించారు. సీసాను నొక్కితే మూత మునుగుతుంది, వదిలితే తేలుతుంది. నొక్కినప్పుడు బుడగ చిన్నదై నీరు లోపలికి దూరడం దగ్గరగా చూస్తే కనిపిస్తుంది. ప్రపంచ సముద్రాల్లో నాలుగు వేల దాకా ఆర్గో తేలుడు పరికరాలు తమ పరిమాణాన్ని ఇలాగే మార్చుకుంటూ మునిగి తేలుతున్నాయి. వాటిలో ఆ పని చేసేది నూనె నింపిన తిత్తి. పది రోజులకోసారి 2000 మీటర్ల లోతుకు దిగి, పైకొస్తూ వేడినీ ఉప్పునూ కొలిచి, ఉపగ్రహానికి చెబుతాయి. మన దేశపు ఆర్గో లెక్కలు చేరేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌కు. 1999లో ఏర్పడిన ఆ సముద్ర సమాచార సంస్థలోనే 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. జాలర్ల ఫోన్లకు చేపలు దొరికే తావుల కబురు వెళ్లేదీ అక్కణ్నుంచే. సముద్రానికి అంత దూరంలో, తమ రాష్ట్రంలోనే ఆ కేంద్రం ఉందని ఖమ్మం పిల్లలకు అప్పుడే తెలిసింది. అక్కడ ఉద్యోగం రావాలంటే ఏం చదవాలని అందరికంటే ముందు అడిగింది భీమిలి అబ్బాయి.

రెండు రాష్ట్రాల సైన్సు ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. ఈసారి పిల్లల్ని సముద్రానికి తీసుకెళ్లేటప్పుడు హోటలు గదులు మాట్లాడే ముందు ఆటుపోట్ల వేళలు చూడండి. పాటుకు గంట ముందే రాళ్ల దగ్గర ఉండండి. మీ ఊరి వాగునీళ్లు ఒక సీసా, ఒక ప్లాస్టిక్ డబ్బా, రెండు రంగులు, ఒక థర్మామీటరు, ఒక చిన్న కాటా, నాలుగు నారింజ పళ్లు చాలు. కాటా తప్ప మిగిలినవన్నీ కలిపినా ఒక్క బస్సు టిక్కెట్టు ఖర్చు కూడా కాదు. ఒడ్డున ఉన్న బడితో ముందుగా మాట్లాడి వాళ్ల పిల్లల్ని మీ జట్లలో కలుపుకోండి, లైఫ్‌గార్డ్ లేనిచోట ఎవరినీ నీళ్లలోకి దిగనివ్వకండి. తిరిగొచ్చాక మీ పిల్లలు కొలిచిన అంకెల్ని బడి గోడ మీద తేదీతో సహా రాసి ఉంచండి, వచ్చే ఏడాది వెళ్లే పిల్లలు వాటితో పోల్చుకుంటారు.